చరిత్ర చదివి ఏటి చేస్తావు?

పదో తరగతి ఫలితాలొచ్చిన నెల కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న దాని గురించే. వాటిలోంచి చరిత్ర గురించి అడిగినవి ఏరి, ఈ పేజీలు మొత్తం వాటికే ఇచ్చాను. జూనియర్ కాలేజీల్లో ముప్పై ఏళ్లు ఆ పాఠమే చెప్పినవాణ్ణి, ఈ ఉత్తరాలు చూస్తే నాకు మళ్లీ క్లాసుకి వెళ్లినట్టుంది.

ప్రశ్న: మాస్టారూ, నాకు పదిలో 541 మార్కులొచ్చాయి. సోషల్ అంటే ప్రాణం. హెచ్‌ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటానంటే ఇంట్లో పెద్ద గొడవైపోయింది. నాన్న ట్రిపుల్ ఐటీకి పెట్టమంటున్నారు. మా పెదనాన్న అయితే ‘మార్కులు రానోళ్లు కదే ఆ గ్రూపు తీసుకునేది, చరిత్ర చదివి ఏటి చేస్తావు?’ అని అందరి ముందూ అనేశారు. నేనేం చెయ్యాలి? (ఒక విద్యార్థిని, నరసన్నపేట)

జవాబు: అమ్మా, మీ పెదనాన్నగారి మీద కోపం పెట్టుకోకు. అది ఆయన ఒక్కరి మాట కాదు, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊళ్లో అడిగినా ఇదే వినిపిస్తుంది. మార్కులు తక్కువొచ్చినవాళ్లని తీసుకెళ్లి హెచ్‌ఈసీలో కూర్చోబెట్టింది మేమే, ఆ తర్వాత ఆ గ్రూపులో అంతా అలాంటివాళ్లే అని చెప్పుకున్నదీ మేమే. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడాది అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నాను. ఒకమ్మాయి దరఖాస్తులో గుండ్రటి అక్షరాలతో హెచ్‌ఈసీ అని రాసుకొచ్చింది. మా కాలేజీ పెద్దాయన మార్కుల జాబితా చూసి, ‘ఇన్ని మార్కులొచ్చి ఇదేం గ్రూపమ్మా’ అంటూ ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి పక్కన బైపీసీ అని రాశారు. వాళ్ల నాన్న దండం పెట్టాడు. ఆ పిల్ల నా వైపు చూసింది, నేను పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. ఇన్నేళ్లయినా ఆ ఎర్ర గీత నా కళ్ల ముందే ఉంది, అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. హెచ్‌ఈసీలో చేరితే ఇంజినీరింగ్, మెడిసిన్ దారి మూసుకుపోయినట్టే. ఎంపీసీ చదివినవాళ్లు తర్వాత బీఏలోకి రావచ్చు గానీ ఇటు నుంచి అటు వెళ్లడం కుదరదు. మీ నాన్నగారి భయం అదే, ఆ భయంలో న్యాయం ఉంది. ఇక తెరిచి ఉన్న దారులు కూడా తక్కువేం కాదు. ఇంటర్ కాగానే లాసెట్ రాసి ఐదేళ్ల లాలో చేరొచ్చు, దానికి ఏ గ్రూపైనా పనికొస్తుంది. బీఏ, బీఈడీ చేసి సోషల్ టీచరు పోస్టుకి డీఎస్సీ రాయొచ్చు. గ్రూప్-2 మెయిన్స్‌లో మొదటి పేపరు 150 మార్కులైతే అందులో 75 ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకే. సివిల్స్‌లో చరిత్రని ఆప్షనల్‌గా పెట్టుకుంటే రెండు పేపర్లూ కలిపి 500. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు శాస్త్రం ఒకే విభాగంలో ఉన్నాయి, ఎంఏకి దూరం వెళ్లక్కర్లేదు. పురావస్తు శాఖ ఉద్యోగాలు మాత్రం చాలా తక్కువ, వాటినే నమ్ముకుని ఈ గ్రూపులోకి రావద్దు.

ఇంకొకటి నీకు నువ్వే తేల్చుకోవాలి. సోషల్ ఇష్టం అంటున్నావు, అది చదవడానికి ఇష్టమా, మార్కులు తేలిగ్గా వస్తాయని ఇష్టమా? మీ వీధిలో ఇంటర్ చదివే ఆర్ట్స్ పిల్లలుంటారు, వాళ్ల దగ్గర చరిత్ర పుస్తకం అడిగి తెచ్చుకుని పది రోజులు చదువు, పరీక్ష కోసం కాదు, ఊరికే. పదో రోజుకి కూడా ‘తర్వాత ఏమైంది, ఎందుకలా అయింది’ అని అనిపిస్తుంటే ఆ పుస్తకం పట్టుకుని మీ నాన్నగారి పక్కన కూర్చో. ఐదారేళ్లకి నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావో కాగితం మీద రాసి చూపించు. పిల్ల ఆలోచించుకునే వచ్చిందని తెలిస్తే నాన్నలు చాలామంది మెత్తబడతారు. మీ పెదనాన్నగారికి జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సార్, సెకండియర్ ఆర్ట్స్ నాది. చరిత్ర ఎన్నిసార్లు చదివినా సంవత్సరాలు గుర్తుండవు. నాలుగుసార్లు బట్టీ పట్టి వెళ్లినా హాల్లో టెన్షన్‌కి 1757, 1758, 1766 అన్నీ కలిసిపోతాయి. పెద్ద ప్రశ్న సగంలోనే ఆగిపోతోంది. (చీపురుపల్లి నుంచి ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, నువ్వు రాసిన ఆ మూడు సంవత్సరాలూ మన నేల మీదివే, వాటితోనే చెబుతాను. వాటిని మూడు అంకెలుగా పెట్టుకున్నావు కాబట్టి కలిసిపోతున్నాయి. ఒక బాకీ కథగా పెట్టుకుని చూడు.

హైదరాబాదులో నిజాం సలాబత్ జంగ్‌కి ఫ్రెంచి సైన్యం అండ కావాలి, ఆ సైన్యానికి జీతాలివ్వాలి, చేతిలో డబ్బు లేదు. అందుకని 1753లో కోస్తాలోని నాలుగు సర్కార్ల (అప్పటి జిల్లాల్లాంటివి) శిస్తు ఫ్రెంచివాళ్లకి రాసిచ్చేశాడు. ఆ నాలుగింటిలో ఒకటి చికాకోల్ సర్కారు, అంటే మన శ్రీకాకుళమే. రాసిస్తే సరిపోదు కదా, వసూలు చెయ్యాలి. ఆ పని మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఇటు వచ్చాడు. వచ్చినవాడికి స్థానికంగా ఒక తోడు కావాలి, విజయనగరం పూసపాటి విజయరామరాజు తోడయ్యాడు. ఆయనకీ బొబ్బిలికీ పాత వైరం ఉంది, అది 1757లో బొబ్బిలి యుద్ధం దాకా వెళ్లింది. ఆ యుద్ధం తర్వాత విజయరామరాజు హత్యకి గురయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన ఆనందగజపతికి బుస్సీతో పొసగలేదు, ఇంగ్లీషువాళ్లని రమ్మని కబురు పెట్టాడు. బెంగాల్లో ఇంగ్లీషు కంపెనీ పెద్దగా ఉన్న క్లైవు అక్కణ్ణుంచి కర్నల్ ఫోర్డుని పంపాడు. 1758లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, మరుసటి ఏడాది మచిలీపట్నం కూడా పోయింది. ఇక ఫ్రెంచివాళ్లు లేరు, నిజాంతో మాట్లాడుకోవాల్సింది ఇంగ్లీషు కంపెనీయే, సర్కార్లు కంపెనీకి దక్కిన ఆ ఒప్పందం 1766. ఇప్పుడు వసూలు చేసేది కంపెనీ, బాకీ పడింది జమీందారు. విజయనగరం చిన విజయరామరాజుని పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బాకీ కట్టమని, మచిలీపట్నం వెళ్లిపొమ్మని ఒత్తిడి చేశారు, ఆయన వెళ్లనన్నాడు, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో ప్రాణం వదిలాడు. కొడుకు నారాయణబాబుకి సంస్థానాన్ని తగ్గించి ఇచ్చారు. ఇలా ప్రతిసారీ బాకీలు, పోట్లాటలు ఎందుకని జమీందారు కట్టాల్సింది ఎప్పటికీ ఒకే మొత్తంగా ఖాయం చేసే పద్ధతిని, బెంగాల్లో 1793లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని, 1802లో ఇక్కడికీ తెచ్చారు.

చూశావా, 1753 నుంచి 1802 దాకా ఒక్క దారం. జీతం బాకీతో మొదలై శిస్తు బాకీ దాకా వచ్చింది. ఇందులో ఏ ముక్క ముందు, ఏది వెనక అన్నది నువ్వు తప్పుగా రాయలేవు, ఎందుకంటే ఫ్రెంచివాళ్లు ఓడిపోకముందే కంపెనీ ఇక్కడ శిస్తు వసూలు చెయ్యడం కుదరదు. హాల్లో సంవత్సరం మర్చిపోయినా కారణం పట్టుకుంటే అది ఏ రెండింటి మధ్య ఉండాలో తెలిసిపోతుంది.

అన్నిటికంటే పనికొచ్చే సాధన ఇది. పుస్తకం మూసేసి ఇంట్లో ఎవరికైనా చెప్పు, మీ అమ్మ వంట చేసుకుంటున్నా సరే, పక్కన కూర్చుని చెప్పు. మధ్యలో ఆవిడ ‘ఎందుకూ?’ అంటే ఎక్కడ ఆగిపోయావో ఆ ముక్క నీకు రానట్టే, పుస్తకం తెరిచి అదొక్కటే చూసుకో. బట్టీ పట్టినప్పుడు ఒక వాక్యం జారితే తర్వాతవన్నీ జారిపోతాయి, నీకు సగంలో ఆగిపోతున్నది అందుకే.

ప్రశ్న: మాస్టారూ, మాది బొబ్బిలి. పెళ్లై విజయనగరం వచ్చాను. మా అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాది. బొబ్బిలి యుద్ధం గురించి మా నాన్నగారు చెప్పేది ఒకటి, మా మావగారు చెప్పేది ఇంకొకటి. నాన్నగారు అది విజయనగరం చేసిన ద్రోహం అంటారు. మావగారు బొబ్బిలివాళ్లు ఊరికే కాలు దువ్వేవారు, నీళ్లు మళ్లించుకునేవారు అంటారు. వాడు ఎవరిది నిజం అని నన్నడుగుతున్నాడు. పాఠంలో చూస్తే రెండు ముక్కలే ఉంది. (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అదృష్టవంతుడు, ఒకే ఇంట్లో రెండు పక్షాలూ దొరికాయి. నా క్లాసులో ఇలాంటి పిల్లలు ఏటా ఒకరిద్దరు ఉండేవారు, ఆ పాఠం రోజు కిటికీల దగ్గర కూడా ఖాళీ ఉండేది కాదు.

వాడితో ముందు ఒక కాగితం మీద అందరూ ఒప్పుకునేవి రాయించండి. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు ఒక పక్క, బొబ్బిలి మట్టికోట ఇంకో పక్క. కోట నిలవదని తేలాక లోపలున్న ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మనుషులే వాళ్లని చంపడం. బొబ్బిలి రాజు రంగారావు పోరాడుతూ చనిపోవడం. ఆ తర్వాత కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపడం. వీటి దగ్గర మీ నాన్నగారికీ మావగారికీ పేచీ లేదు, అడిగి చూడండి. పేచీ అంతా ‘ఎవరు మొదలుపెట్టారు’ అన్న దగ్గరే.

ఇప్పుడు రెండో కాగితం. ఈ సంగతులు మనకి ఎవరు చెప్పారు? ఇంగ్లీషులో రాబర్ట్ ఆర్మ్ వివరంగా రాశాడు. ఆయన ఇంగ్లీషు కంపెనీ మనిషి, ఆ రోజుల్లో మద్రాసు కౌన్సిల్లో ఉన్నాడు, బొబ్బిలిలో లేడు. రాస్తున్నది తమకి పోటీ అయిన ఫ్రెంచివాళ్లు చేసిన యుద్ధం గురించి. తెలుగులో దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’ ఉంది, పేరులోనే ఎవరి పక్షమో ఉంది. ఆ పైన ఊరూరా పాడిన బొబ్బిలి పాట, బుర్రకథ ఉన్నాయి. బుర్రకథ చెప్పేవాడికి ఎదురుగా జనం ఉంటారు, కళ్లనీళ్లు తెప్పించాలి, పౌరుషం రేపాలి, కథ ఆ వైపుకి సాగుతుంది. అంతమాత్రాన అది అబద్ధమైపోదు, ఆ యుద్ధం మన వాళ్ల గుండెల్లో ఎలా నిలిచిందో ఆర్మ్ చెప్పలేడు, పాటే చెప్పగలదు. ఏ సంగతికి ఎవర్ని అడగాలో తెలుసుకోవడమే ఈ చదువంతా.

మీ మావగారు చెప్పిన నీళ్ల మాట ఆర్మ్ రాసినదాంట్లో ఉందో లేదో వాణ్ణే వెతకమనండి, ఆ పుస్తకం పాతది, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ నాలుగు పేజీలు చదివితే చాలు. వచ్చే సంక్రాంతికి తాతగార్లిద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, వాదించకుండా ఒక్కటే అడగమనండి: ‘తాతా, ఈ మాట నీకు ఎవరు చెప్పారు?’ అని. నాకు తెలిసి అప్పుడు ఇద్దరూ వాళ్ల తాతల గురించి మాట్లాడడం మొదలుపెడతారు.

ప్రశ్న: సార్, మాది ఉద్దానం. కాలేజీలో ‘మా ఊరి చరిత్ర’ అని ప్రాజెక్టు ఇచ్చారు. మా ఊళ్లో కోటలు, గుళ్లు ఏమీ లేవు, జీడితోటలు, కొబ్బరితోటలే. మా తాత మాత్రం మందస జమీందారు రోజుల గురించి, గున్నమ్మ గురించి వాళ్ల నాన్న చెప్పినవి చెబుతాడు. అవి చరిత్ర కింద లెక్కకొస్తాయా? (ఫస్టియర్ విద్యార్థి, పలాస దగ్గర)

జవాబు: రావడమేంటి బాబూ, అదే చరిత్ర. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో ఏం జరిగిందో మీ తాతకి తెలిసే ఉంటుంది. మందస జమీందారు అడవి మీద రైతులకి హక్కు లేదన్నందుకు రైతులు తిరగబడ్డారు, పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకి ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు, కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ చనిపోయింది, అప్పటికి ఆమె గర్భిణి. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చిందని మీ పాఠంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం వెనక ఇలాంటి ఊళ్లు ఉన్నాయి. కాబట్టి మీ ఊళ్లో ఏమీ లేదని రాయకు.

తాతని కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చెయ్యి, ముందు ఆయన్ని అడిగి. ‘ఏ సంవత్సరం తాతా?’ అంటే చెప్పలేడు, ఆయన లెక్క వేరు. ‘నీ పెళ్లికి ముందా, వెనకా? ఏ తుఫానుకి ముందు?’ అని అడుగు, గబగబా చెబుతాడు. ఆయన స్వయంగా చూసినది ఒక రంగు సిరాతో, వాళ్ల నాన్న చెప్పగా విన్నది ఇంకో రంగుతో రాయి. మీ లెక్చరర్‌కి అది చూడగానే నీ పని తెలిసిపోతుంది. అవే సంగతులు ఊళ్లో ఇంకో ముసలమ్మని కూడా అడుగు, తేడా వస్తే ఆ తేడాని దాచకుండా రాయి.

ఇంకో పని కూడా చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. నువ్వప్పుడు చిన్నపిల్లాడివి, అయినా ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి మీ తోటలో ఎన్ని చెట్లు నిలబడి ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు నాటారు, కొత్త మొక్క కాపుకి వచ్చేదాకా ఇల్లు ఎలా గడిచింది, మీ ఊరి నుంచి ఎవరెవరు వలస వెళ్లారు? ఇవన్నీ మీ అమ్మానాన్నలకి నోటి మీద ఉంటాయి. ఇంకో ముప్పై ఏళ్లకి ఎవరైనా ఉద్దానం గురించి రాయాలంటే నీ నోట్‌బుక్ కోసం వెతుక్కుంటారు. తేదీ వేసి, పేజీల నంబర్లు వేసి జాగ్రత్తగా దాచు.

ప్రశ్న: చరిత్ర తెలుగు మీడియంలో చదివితే నష్టమా? (ఇద్దరు విద్యార్థినులు, రాజాం)

జవాబు: నష్టం లేదు. అర్థమయ్యే భాషలో చదవండి, రోజూ ఒక్క పేజీ ఇంగ్లీషులో చదివి అందులోని మాటలు నోట్‌బుక్‌లో రాసుకోండి. డిగ్రీలో, పోటీ పరీక్షల్లో ఆ మాటలే ఎదురవుతాయి.

ప్రశ్న: నమస్తే అండీ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కొత్తగా చేరిన చరిత్ర లెక్చరర్ని. పిల్లలు పాఠం వింటూ నిద్రపోతున్నారు. ఒక్కరోజు బయటికి తీసుకెళ్దామంటే బడ్జెట్ లేదు, ఆర్టీసీ బస్సే గతి. ఎక్కడికి తీసుకెళ్లమంటారు, అక్కడ ఏం చేయించమంటారు? (శ్రీకాకుళం)

జవాబు: శ్రీముఖలింగం తీసుకెళ్లండి, గుడి గోడల మీద పాత శాసనాలున్న ఊరు. టిఫిన్ బాక్సులు, నీళ్ల సీసాలు, తలా ఒక టార్చిలైటు, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఎందుకు అదే చెబుతున్నానంటే, మనలాంటి మాస్టారే దాని విలువ బయటపెట్టారు. గిడుగు రామమూర్తిగారు అనగానే వ్యావహారిక భాషే గుర్తొస్తుంది అందరికీ. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, పర్లాకిమిడి బళ్లో చరిత్ర పాఠం చెప్పేవారు. పాఠంలో కళింగని ఏలిన గాంగరాజుల గురించి సరిగ్గా లేదనిపించి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ముఖలింగం గోడల మీది పాత లిపి కూడబలుక్కుని చదివారు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ఊరేనని వాదించి రాశారు. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాల జాడ చూపించిందీ ఆయనే. పుస్తకంలో లేదని ఊరుకోకుండా వెళ్లి గోడ చదివిన మాస్టారి ఊళ్లో మనం పాఠం చెబుతున్నాం. ఈ మాట పిల్లలకి బస్సులోనే చెప్పండి.

బస్సెక్కే ముందు రోజు బోర్డు మీద ఒక లెక్క వేయించండి. గాంగరాజు అనంతవర్మ చోడగంగుడి పట్టాభిషేకం ఎప్పుడో ఆయన తామ్రశాసనంలో అంకెల్లో లేదు, ‘నంద, రంధ్ర, గ్రహ’ అని మాటల్లో ఉంది. నందులు తొమ్మిదిమంది, శరీరానికి రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. అంటే శకం 999. మన లెక్కలోకి రావాలంటే 78 కలపాలి, 1077 వస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది, శాసనంలో సూర్యుడు కుంభంలో ఉన్నాడని ఉంది, అంటే ఫిబ్రవరి ప్రాంతం, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. కాబట్టి 1078. నేను ఈ లెక్క వేయించినప్పుడు ఎప్పుడూ వెనక బెంచీలో తల వాల్చుకునే ఒక కుర్రాడు లేచి, ‘మరి పుస్తకంలో ఒక్కోచోట ఒక్కో సంవత్సరం ఎందుకుందో ఇప్పుడు తెలిసింది సార్’ అన్నాడు. ఆ రోజు నుంచి వాడు ముందు బెంచీకి వచ్చేశాడు.

గుడి దగ్గర పిల్లల్ని గుంపులుగా విడదీసి మధుకేశ్వరాలయం దగ్గర కొందరిని, సోమేశ్వరాలయం దగ్గర కొందరిని ఉంచండి. శాసనం ఎదురుగా నిలబడి లైటు వేస్తే ఏమీ కనపడదు, రాయంతా ఒకేలా మెరుస్తుంది. టార్చిని గోడకి ఆనించినట్టు పక్కనుంచి వెయ్యమనండి, అప్పుడు చెక్కిన గాడిలో నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే గోడైతే లైటు కూడా అక్కర్లేదు. అక్షరాలు కనపడ్డం లేదని సుద్దముక్క రుద్దడం, పిండి, నూనె పూయడం మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి. నిపుణులు తడికాగితం పరిచి బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీస్తారు గానీ దానికి అనుమతి ఉండాలి, నేర్పు ఉండాలి. మీ పిల్లలు చూసి నోట్‌బుక్‌లో గీసుకుంటే చాలు.

మొత్తం చదవమని అడగకండి, బెదిరిపోతారు. చాలా శాసనాలు ‘స్వస్తి శ్రీ’ అని మొదలవుతాయి, ముందు ఆ రెండు మాటలే వెతకమనండి. ఒకరు పట్టుకున్నారంటే మిగతావాళ్లు గోడ వదలరు. తిరుగు బస్సు టైము ముందే కనుక్కుని ఉంచుకోండి.